కంపెనీల పలుకుబడి నిర్ణయం వెలువడిన రోజున మొదలు కాదు

పెద్ద కంపెనీలే ప్రభుత్వాలను నడిపిస్తున్నాయని అందరూ అంటున్నారు గానీ ఆ నడిపించడం నిజంగా ఏ పద్ధతిలో జరుగుతుందో ఎవరూ విడమరిచి చెప్పడం లేదనీ, ఉలవపాడు, కందుకూరు వంటి చోట్ల బతికే కుటుంబం మీద అది ఏ దారిన వచ్చి పడుతుందో, దానికి ఎదురుగా చట్టంలో ఏమైనా ఆధారం ఉందో లేదో తెలుసుకోవాలనీ మీరు అడిగారు. నేను పాత ప్రకాశం, నెల్లూరు జిల్లాల్లో రెవెన్యూ శాఖలో, అందులోనూ ఎక్కువ కాలం భూసేకరణ విభాగాల్లో పనిచేసి పదవీ విరమణ చేశాను. తెలిసినంతలో సమాధానం రాస్తున్నాను. కాస్త పొడవైనా ఓపికగా చదవండి.

ఈ ప్రశ్న రాగానే చాలామందికి మొదట తోచేది లంచం. అది లేదని నేను అనను. కానీ లంచం ఇచ్చి పని చేయించుకునే అవసరం చిన్న కాంట్రాక్టరుకు ఉన్నంతగా పెద్ద సంస్థకు ఉండదు. పెద్ద సంస్థకు కావలసింది, ఒక నిర్ణయం ప్రజల ముందుకు వచ్చేసరికే దానికి ప్రత్యామ్నాయాలు లేకుండా పోవడం. ఏ ఊళ్లో, ఎన్ని ఎకరాలు, ఏ చట్టం కింద, ఎవరి పేరున అన్న నాలుగు సంగతులు తేలిపోయిన తర్వాతే గ్రామసభ జరుగుతుంది. ఆ సభలో మనం ఎంత గట్టిగా మాట్లాడినా, మాట్లాడేది అప్పటికే తేలిపోయిన విషయం గురించే. కాబట్టి పలుకుబడిని వెతకవలసింది శంకుస్థాపన వేదిక మీద కాదు, అంతకు ఏడాదో రెండేళ్లో ముందు నడిచిన కాగితాల్లో. దీన్ని మన ప్రాంతపు ఉదాహరణలతోనే చెబుతాను. ముందుగా పొగాకు తీసుకుంటాను, ఎందుకంటే కంపెనీ బలమూ, దాన్ని అదుపులో పెట్టగల ఏర్పాటూ రెండూ ఇంత స్పష్టంగా పక్కపక్కనే కనిపించే పంట మరొకటి లేదు.

ఒంగోలు, టంగుటూరు, కొండపి, కందుకూరు, పొదిలి, కనిగిరి, కలిగిరి, డీసీ పల్లి వైపు, బ్యారన్ అనే బట్టీలో వేడితో ఆరబెట్టే వర్జీనియా పొగాకు పండుతుంది. దీన్ని కొనేవాళ్లు వేల మంది లేరు. ఐటీసీ వంటి ఒక పెద్ద కంపెనీ, కొన్ని ఎగుమతి సంస్థలు, విదేశీ సిగరెట్ కంపెనీల తరఫున కొనే కొద్దిమంది వ్యాపారులు, అంతే. అమ్మేవాళ్లు వేలల్లో ఉండి కొనేవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేటట్టు ఉంటే ధర ఎవరి చేతిలో ఉంటుందో వేరే చెప్పనక్కరలేదు. వేలం కేంద్రాలు రాకముందు ఆకు తీసుకుపోయిన వ్యాపారి ఎప్పుడు డబ్బు ఇస్తే అప్పుడే తీసుకోవలసిన పరిస్థితి ఉండేదని పాతతరం రైతులు ఇప్పటికీ చెబుతారు. 1975లో పార్లమెంటు పొగాకు బోర్డు చట్టం చేసింది. 1976 జనవరి 1న గుంటూరు కేంద్రంగా బోర్డు ఏర్పడింది. 1980ల మధ్యలో వేలం కేంద్రాలు వచ్చాయి. రైతు బోర్డులో నమోదు చేసుకోవాలి, బ్యారన్‌కు లైసెన్సు ఉండాలి, ఏటా ఎంత పండించాలో బోర్డు చెబుతుంది, బేళ్లు వేలం కేంద్రానికి వస్తాయి, అందరి ఎదుట పాట జరుగుతుంది, సొమ్ము బోర్డు ద్వారా రైతు ఖాతాలో పడుతుంది. ఇందులో కంపెనీల బలం పోలేదు. కొనుగోలుదారులందరూ ఒకే మాట మీద ఉంటే ధర పడిపోతుంది, తక్కువ రకం ఆకుకు ఎవరూ పాట పాడక నో బిడ్ పడి బేలు తిరిగి ఇంటికి వస్తుంది. 2020లో రాష్ట్ర సహకార మార్కెటింగ్ సమాఖ్య మార్క్‌ఫెడ్‌ను వేలంలోకి దించి రాష్ట్ర ప్రభుత్వమే తక్కువ రకం ఆకు కొనవలసి వచ్చింది కూడా. అయినా ఆ కేంద్రంలో కంపెనీ చేసే ప్రతి పనీ పదిమంది చూసేదిగా ఉంటుంది. ఏ రోజు ఏ గ్రేడు ఎంతకు పోయిందో లెక్క ఉంటుంది. ధర కూలితే ఎవరిని నిలదీయాలో, ఏ కార్యాలయం ముందు కూర్చోవాలో రైతుకు తెలుసు.

ఇప్పుడు పక్కనే ఉన్న నల్ల బర్లీని చూడండి. పర్చూరు, ఇంకొల్లు, మార్టూరు వైపు పండే ఈ పొగాకుకు బోర్డు వేలం లేదు. కంపెనీ మనుషులు, వాళ్ల తరఫు వ్యాపారులు ఊళ్లోకి వచ్చి మంచి ధర చూపించారు. ముందటి ఏడాది వచ్చిన ధర చూసి రైతులు మిర్చి, శనగ మానుకుని బర్లీ వేశారు. 2025లో పంట ఇంటికి వచ్చేసరికి కొనేవాళ్లు వెనక్కి తగ్గారు. కొన్నా నెలల తరబడి కొద్దికొద్దిగా, సగానికి దిగిన ధరలకు. చివరికి రాష్ట్ర ప్రభుత్వం మార్క్‌ఫెడ్ ద్వారా ప్రజాధనంతో ఆకు కొనవలసి వచ్చింది. అవే కంపెనీలు, దాదాపు అదే నేల, అదే రకం రైతు. ఒక పంటలో కంపెనీ చట్టం కట్టిన వేదిక మీదికి వచ్చి కొంటోంది. రెండో పంటలో మాట చెప్పి పంట వేయించి, మార్కెట్ పడిపోయినప్పుడు నష్టాన్ని రైతు మీదా, ఆ తర్వాత ఖజానా మీదా వదిలి పక్కకు తప్పుకోగలిగింది. ఇందులో ఏ కంపెనీ చట్టాన్ని అతిక్రమించిందని చెప్పడానికి లేదు, ఎందుకంటే అతిక్రమించడానికి అక్కడ చట్టమే లేదు. పెద్ద సంస్థల ప్రభావం గురించి నేను చెప్పదలచిన అసలు సంగతి ఇదే: వాళ్లు చెడ్డవాళ్లా మంచివాళ్లా అన్న చర్చ కన్నా, వాళ్లు వచ్చి నిలబడవలసిన బహిరంగ వేదిక ఒకటి ఉందా లేదా అన్నది ముఖ్యం. ఆ వేదికను కట్టగలిగేది రాజకీయం మాత్రమే. దాన్ని కట్టకుండా ఆపడంలోనే పలుకుబడి అన్నిటికన్నా సమర్థంగా పనిచేస్తుంది. జరగని చట్టం గురించి పత్రికల్లో వార్త రాదు కదా.

రొయ్యల విషయంలో ఇంకో రకం అనుభవం ఉంది. నెల్లూరు తీరంలో 1990ల మొదట్లో కార్పొరేట్ సంస్థలు, చిన్న రైతులు కలిసి పోటీపడి గుంటలు తవ్వారు. 1996 డిసెంబరు 11న సుప్రీంకోర్టు తీరప్రాంత నియంత్రణ పరిధిలో ఉన్న రొయ్యల సాగును తొలగించమని తీర్పు ఇచ్చింది. ఆ తీర్పు అక్షరాలా అమలు కాలేదు. 2005లో పార్లమెంటు తీరప్రాంత ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం చేసి, 1991 నాటి తీరప్రాంత నోటిఫికేషన్ ఈ సాగుకు అడ్డం రాదని వెనుకటి తేదీ నుంచే వర్తించేటట్టు చెప్పింది. ఒక పరిశ్రమ న్యాయస్థానంలో ఓడిపోయి చట్టసభలో గెలవడం అంటే ఇది. అయితే ఆ చట్టం వల్ల నిలబడినవాళ్లలో ఎకరం రెండెకరాల గుంటలున్న మన విడవలూరు, అల్లూరు, ఇందుకూరుపేట రైతులు కూడా వేలల్లో ఉన్నారు. చిన్నవాడి ప్రయోజనమూ పెద్దవాడి ప్రయోజనమూ కొన్నిసార్లు ఒకే గీత మీద ఉంటాయి, అలాంటప్పుడు ఉద్యమంలో ముందు వరుసలో చిన్నవాడే ఉంటాడు. తర్వాత మేత ధర, సీడు అనే రొయ్య పిల్లల ధర, కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయన్న కౌంటును బట్టి వచ్చే ధర నిర్ణయించే దగ్గరకు వచ్చేసరికి ఆ గీత విడిపోతుంది. మేత అప్పు ఇచ్చిన డీలరు చెప్పిన చోటే సరుకు అమ్మవలసి వచ్చిన రైతుకు ఈ సంగతి నేను చెప్పనక్కరలేదు.

ఇక భూమి. నేను బాగా ఎరిగిన పని ఇదే కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను.

2014 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చిన 2013 భూసేకరణ చట్టంలో రైతుకు అనుకూలమైన ముఖ్యమైన రక్షణలు రెండు. ఒకటి, ప్రైవేటు కంపెనీ కోసం సేకరిస్తే బాధిత కుటుంబాల్లో 80 శాతం, ప్రభుత్వ ప్రైవేటు భాగస్వామ్యం అయితే 70 శాతం ముందుగా సమ్మతించాలి. రెండు, భూమి పోవడం వల్ల ఎవరెవరు ఏమేమి కోల్పోతారో సామాజిక ప్రభావ అంచనా జరగాలి. వినడానికి ఇవి గట్టి రక్షణలే. ఆచరణలో ఏం జరుగుతుందంటే, భూమి కంపెనీ పేరున కాకుండా పారిశ్రామిక పార్కు కోసమని రాష్ట్ర పారిశ్రామిక మౌలిక సదుపాయాల సంస్థ ఏపీఐఐసీ పేరున సేకరణకు వస్తుంది. ఇది ప్రభుత్వ సంస్థ, ప్రజాప్రయోజనం అన్న వాదనతో 80 శాతం సమ్మతి ప్రశ్న పక్కకు పోతుంది. ఆ తర్వాత ఏపీఐఐసీ ఆ భూమిని కంపెనీకి కేటాయిస్తుంది. సామాజిక ప్రభావ అంచనా నుంచి కొన్ని రకాల ప్రాజెక్టులకు మినహాయింపు ఇచ్చే వీలు కల్పిస్తూ మన రాష్ట్రం 2018లో సవరణ చట్టం తెచ్చుకుంది. పర్యావరణం వైపు కూడా ఇలాంటిదే ఉంది: 2006 నాటి పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్ ప్రకారం, అనుమతి పొందిన పారిశ్రామిక పార్కు లోపల పెట్టే పరిశ్రమలకు విడివిడిగా ప్రజాభిప్రాయ సేకరణ అవసరం లేదు. అంటే ఒక ప్రాంతాన్ని పార్కుగా ప్రకటించిన రోజునే ఆ ఊరివాళ్లకు ముందు ముందు ఉండవలసిన రెండు మూడు అవకాశాలు ఒక్కసారిగా తగ్గిపోతాయి. ఆ ప్రకటన వచ్చినప్పుడు ఊళ్లో ఎవరూ గమనించరు, ఎందుకంటే అందులో ఏ కంపెనీ పేరూ ఉండదు, పొగ గొట్టం బొమ్మా ఉండదు.

సామాజిక ప్రభావ అంచనా లేకపోవడం వల్ల అందరికన్నా నష్టపోయేది పట్టాదారు కాదు, కాగితం లేనివాడు. 2013 చట్టం బాధిత కుటుంబం అనే నిర్వచనంలో మూడేళ్లుగా ఆ భూమి మీద ఆధారపడిన కౌలుదారును, వ్యవసాయ కూలీని, చేతివృత్తివాడిని కూడా చేర్చింది. వాళ్లు ముందుగా లెక్కలోకి వచ్చేది ఆ అంచనా నివేదికలోనే. అది జరగకపోతే ఆధారంగా మిగిలేది ఎక్కువగా సాగు వివరాలుండే అడంగల్, హక్కుల వివరాలుండే 1-బి. వాటిలో తీరం వెంబడి గుడిసెల్లో ఉండే యానాది గిరిజనుల పేర్లు ఎన్ని ఉంటాయి? నోటి మాట కౌలు మీద చేలో దిగిన రైతు పేరు ఎక్కడ ఉంటుంది? దీనికి తోడు మన రెండు జిల్లాల్లో చుక్కల భూముల సమస్య ఉంది. పాత రీసెటిల్‌మెంట్ రిజిస్టరులో పట్టాదారు గడిలో పేరు బదులు చుక్కలు పెట్టి వదిలేసిన భూములు ఇవి. తాతల కాలం నుంచి దున్నుతున్నా నిషేధిత జాబితాలో పడి అమ్ముకోలేక, బ్యాంకు అప్పు పొందలేక ఉండిపోయాయి. 2017లో చట్టం చేసి, తర్వాత కూడా కొన్ని విడుదల చేసినా అందరి రికార్డూ బాగుపడలేదు. రికార్డు బలహీనంగా ఉన్న చోట భూమి సేకరించడం సులువు. పరిశ్రమలు చాలావరకు చుక్కల భూములు, ప్రభుత్వం పేదలకు పంచిన డీకేటీ పట్టాలు, పోరంబోకు ఎక్కువగా ఉన్న తీర మండలాల్లోనే ఎందుకు వస్తాయంటే ఓడరేవు ఒక్కటే కారణం కాదు.

ఇప్పుడు కరేడు సంగతి. ఉలవపాడు మండలంలోని ఆ ఊళ్లో, షిరిడీసాయి ఎలక్ట్రికల్స్ అనుబంధ సంస్థ ఇండోసోల్ సౌర ఫలకాల పరిశ్రమ కోసం 8,000 ఎకరాలకు పైగా భూమి సేకరించాలన్న ప్రతిపాదన మీద 2025 జూన్ చివరలో రైతులు జాతీయ రహదారి మీదికి వచ్చి కూర్చున్నారు. మామిడి, సపోటా తోటలున్న నేల అది, నీళ్లున్న నేల. దీని న్యాయాన్యాయాల మీద తుది మాట చెప్పే అధికారం నాకు లేదు. కానీ ఒక్క విషయం గమనించండి. ఈ కంపెనీకి రామాయపట్నం ప్రాంతంలో భూములు, రాయితీలు ఇవ్వడం గత ప్రభుత్వ కాలంలో మొదలైంది. అప్పుడు ప్రతిపక్షంలో ఉండి ఆ కంపెనీని తీవ్రంగా విమర్శించిన పక్షమే అధికారంలోకి వచ్చాక కూడా ప్రాజెక్టు ఆగలేదు. ప్రభుత్వం మారింది, కంపెనీ మారలేదు. ఓటు వేసే మనకు అయిదేళ్లకు ఒకసారి అధికారం మారినట్టు కనిపిస్తుంది. మంజూరైన ఫైలు మాత్రం ఏ ఎన్నికలోనూ ఓడిపోదు. ఇది ఒక పార్టీ తప్పు అని నేను రాయడం లేదు. వేల కోట్ల పెట్టుబడి వెనక్కి పోయిందన్న నింద మోయడానికి ఏ ముఖ్యమంత్రీ సిద్ధంగా ఉండరు.

ఆ భయాన్ని పెంచేది రాష్ట్రాల మధ్య పోటీ. 2025 జులైలో బెంగళూరు దగ్గరి దేవనహళ్లి రైతుల ఆందోళన తర్వాత కర్ణాటక ప్రభుత్వం 1,777 ఎకరాల సేకరణను విరమించుకోగానే, మా దగ్గర 8,000 ఎకరాలు సిద్ధంగా ఉన్నాయి, ఇటు రండి అని మన రాష్ట్ర మంత్రి బహిరంగంగా ఆహ్వానించారు. ఒక రాష్ట్రపు రైతులు గెలిచిన గెలుపు మరో రాష్ట్రానికి అవకాశంగా మారడం ఇలా జరుగుతుంది. తడ దాటితే తమిళనాడు. అక్కడికి పోతాం అని కంపెనీ నోరు తెరిచి అనవలసిన అవసరం కూడా లేదు, పోగలదని అందరికీ తెలిస్తే చాలు. భూమి ధర, కరెంటు, జీఎస్టీ తిరిగి చెల్లింపు, స్టాంపు డ్యూటీ, నీళ్లు, ఇవన్నీ రాష్ట్ర పెట్టుబడుల ప్రోత్సాహక మండలిలో ముఖ్యమంత్రి అధ్యక్షతన ఖాయమై జీవోగా వస్తాయి. ఆ జీవో చదవడం నేర్చుకోండి. ఎన్ని ఉద్యోగాలు, ఎన్నేళ్లలో, ఇవ్వకపోతే రాయితీ వెనక్కి తీసుకునే షరతు ఉందా అన్నది అందులోనే తెలుస్తుంది.

భూమి పోయాక పరిశ్రమ రాకపోతే ఏమవుతుందన్నదానికి మనకు రెండు పాఠాలున్నాయి. కృష్ణపట్నం దగ్గర 4,000 మెగావాట్ల అల్ట్రా మెగా విద్యుత్ కేంద్రాన్ని 2007లో రిలయన్స్ పవర్ యూనిట్‌కు 2 రూపాయల 33 పైసల ధరకు వేలంలో దక్కించుకుంది. 2011లో ఇండోనేసియా బొగ్గు ఎగుమతి ధరల నిబంధనలు మారాయని చెప్పి పని ఆపేసింది. ఆ కేంద్రం నేటికీ రాలేదు. చీరాల దగ్గరి వాడరేవు, అప్పటి గుంటూరు జిల్లా నిజాంపట్నాలను కలిపి 2008లో తలపెట్టిన వాన్‌పిక్ ఓడరేవు, పారిశ్రామిక ప్రాజెక్టు కోసం వేల ఎకరాలు చేతులు మారాయి. ఓడరేవు రాలేదు, భూమి వ్యవహారం సీబీఐ, ఈడీ కేసుల్లోకి వెళ్లింది. 2013 చట్టం 101వ సెక్షన్‌లో అయిదేళ్లు వాడని భూమిని తిరిగి ఇవ్వాలని ఉంది గానీ, అది అసలు యజమానికి గానీ ప్రభుత్వ ల్యాండ్ బ్యాంకుకు గానీ అని ఉంది. రైతుకే ఇవ్వాలని లేదు. పైగా పాత 1894 చట్టం కింద పోయిన భూములకు ఆ పాటి ఆశ కూడా లేదు.

పరిశ్రమ వచ్చిన చోట లాభం ఏమీ లేదని కూడా అనకూడదు. మాంబట్టు చెప్పుల పరిశ్రమలో, శ్రీసిటీలో పనిచేస్తున్న మన ఆడపిల్లల జీతం వాళ్ల ఇళ్లల్లో తెచ్చిన మార్పును నేను తక్కువ చేయను. కృష్ణపట్నం ఓడరేవు 2008లో మొదలైన తర్వాత ముత్తుకూరు వైపు లారీ యజమానులు, హోటళ్లు, సామాన్లు మోసేవాళ్లు బతికారు. అదే మండలంలో నేలటూరు చుట్టుపక్కల బొగ్గు పొడి, బూడిద మధ్య బతుకుతున్నవాళ్లూ ఉన్నారు. ఆ ఓడరేవును 2020లో 75 శాతం, 2021లో మిగిలిన 25 శాతం అదానీ పోర్ట్స్ కొన్నది. విశాఖ దగ్గరి గంగవరం ఓడరేవు కూడా ఆ సంస్థ చేతికే పోయింది. మన తీరంలో రెండు పెద్ద ప్రైవేటు ఓడరేవులు ఒకే చేతికి రావడం వల్ల ఏ సరుకు ఏ రేవుకు మళ్లాలన్న నిర్ణయం అహ్మదాబాదులో జరుగుతుంది. దాని మీద నెల్లూరు కలెక్టరుకు గానీ, ఎమ్మెల్యేకు గానీ చెప్పే మాట పెద్దగా ఉండదు.

ఎన్నికల డబ్బు గురించి చాలా తప్పుడు అభిప్రాయాలున్నాయి కాబట్టి వాస్తవాలు రాస్తాను. 1969లో కంపెనీ విరాళాలను నిషేధించారు, 1985లో మళ్లీ అనుమతించారు. 2013 కంపెనీల చట్టం 182వ సెక్షన్ ప్రకారం, మూడేళ్ల సగటు నికరలాభంలో 7.5 శాతానికి మించి ఇవ్వకూడదు, ఏ పార్టీకి ఇచ్చిందో లెక్కల్లో చూపాలి. 2017లో ఆ పరిమితినీ, పేరు చెప్పాలన్న నిబంధననూ తీసేశారు. 2018లో, ఎవరు ఏ పార్టీకి ఇచ్చారో బయటపడకుండా విరాళం ఇచ్చే ఎన్నికల బాండ్లు వచ్చాయి. 2024 ఫిబ్రవరి 15న సుప్రీంకోర్టు అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఏకగ్రీవంగా వాటిని కొట్టివేసింది, 2017 సవరణ కూడా చెల్లదన్నది. మార్చిలో ఎన్నికల సంఘం జాబితాలు బయటపెట్టినప్పుడు, హైదరాబాదు కేంద్రంగా ఉన్న మేఘా ఇంజినీరింగ్ సుమారు 966 కోట్ల రూపాయల బాండ్లు కొని దేశంలో రెండో స్థానంలో ఉన్నట్టు తెలిసింది. ఆ సొమ్ము ఒక్క పార్టీకే పోలేదు, కేంద్రంలో పాలించే పార్టీకి, వేర్వేరు రాష్ట్రాల్లో అధికారంలో ఉన్నవాళ్లకు, లేనివాళ్లకు కూడా పోయింది. పందెం ఒక గుర్రం మీద కాసినవాడికి ఓటమి భయం ఉంటుంది, అన్నిటి మీదా కాసినవాడికి ఉండదు. ఇక్కడ మరో లోపం ఉంది. అసెంబ్లీ అభ్యర్థి ఖర్చుకు 40 లక్షలు, లోక్‌సభకు 95 లక్షలు అని పరిమితి పెట్టారు గానీ పార్టీ ఖర్చుకు పరిమితే లేదు. దర్శి, ఉదయగిరి వంటి నియోజకవర్గంలో 40 లక్షలతో ఎన్నిక ముగుస్తుందని నమ్మేవాడు ఎవరూ లేరు. అందుకే పార్టీలు సొంత డబ్బు ఉన్న అభ్యర్థిని వెతుక్కుంటున్నాయి. మన జిల్లాల్లో గనులు, గుత్తలు, మద్యం, విద్యాసంస్థలు నడిపినవాళ్లు చట్టసభలకు పోవడం కొత్త కాదు. నెల్లూరులో పుట్టి దేశమంతా విస్తరించిన నారాయణ విద్యాసంస్థల వ్యవస్థాపకులు పి. నారాయణ గారు 2014 నుంచి 2019 వరకు, మళ్లీ 2024 నుంచి పురపాలక మంత్రిగా ఉన్నారు. ఇది నేరం అని నేను అనడం లేదు, 2024లో ప్రజలే ఎన్నుకున్నారు. కానీ వ్యాపారాన్ని నియంత్రించవలసిన చోట వ్యాపారం నుంచి వచ్చినవాళ్లే కూర్చున్నప్పుడు కంపెనీ బయటి నుంచి ఒత్తిడి తేవలసిన పని ఉండదన్నది మాత్రం నిజం.

సీఎస్ఆర్, అంటే కంపెనీలు సామాజిక బాధ్యత కింద పెట్టే ఖర్చు, గురించి ఒక్క మాట. అది దయతో ఇచ్చేది కాదు. నిర్ణీత స్థాయి దాటిన కంపెనీ మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం ఖర్చు చేయాలని కంపెనీల చట్టం 135వ సెక్షన్ చెబుతోంది. ఆర్‌ఓ ప్లాంటు పెట్టించారని సర్పంచి దండ వేయడం మర్యాద కావచ్చు గానీ, దాని బదులుగా గ్రామసభలో నోరు మూసుకోవలసిన అవసరం లేదు.

ఇంతటి బలానికి ఎదురు నిలవడం సాధ్యమేనా అన్న ప్రశ్న మిగిలింది. ఈ ప్రశ్న నెల్లూరు జిల్లాలో అడగవలసింది కాదు. 1992లో కలిగిరి మండలం దూబగుంటలో, రోసమ్మ గారి వంటి ఆడవాళ్లు అక్షరాస్యత తరగతులకు వచ్చి, అక్కడి చర్చల నుంచి సారా దుకాణం మీదికి వెళ్లారు. సారా కాంట్రాక్టర్ల డబ్బు అప్పట్లో రాజకీయాల నిండా ఉంది, రాష్ట్ర ఖజానాకు కూడా ఆ వేలంపాటల ఆదాయం కావాలి. వాళ్లు వేసిన ఎత్తు ఏమిటంటే, దుకాణాన్ని ఒక్కటే మూయించి ఊరుకోకుండా నెల్లూరులో వేలంపాటలనే జరగనివ్వలేదు. కాంట్రాక్టరుకూ ప్రభుత్వానికీ మధ్య ఒప్పందం కుదిరే చోటికే పోయి నిలబడ్డారు. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది, 1995లో పూర్తి మద్యనిషేధం వచ్చింది. 1997లో మద్యనిషేధాన్ని ఎత్తేశారు. ఆదాయం అవసరం మళ్లీ గెలిచింది. గెలుపు నిలవలేదని కొందరు నిరుత్సాహపడతారు. సారా వేలాలు మాత్రం తిరిగి రాలేదని వాళ్లకు గుర్తు చేయాలి.

కాబట్టి మీ ఊళ్లో ఏదైనా ప్రాజెక్టు మాట వినపడితే ధర్నా కన్నా ముందు చేయవలసిన పనులు చెబుతాను. మీ అడంగల్, 1-బి, పొలం కొలతల పటం ఎఫ్‌ఎంబీ సరిచూసుకుని తప్పులుంటే ఇప్పుడే అర్జీ పెట్టుకోండి. నోటిఫికేషన్ వచ్చాక రికార్డు మార్పించడం చాలా కష్టం. కౌలుకు చేసేవాళ్లు పంట సాగుదారు హక్కుల కార్డు తీసుకోవాలి. యజమానులు భయపడి సంతకం పెట్టకపోవడం నేను ఎరుగుదును, ఆ కార్డు వల్ల యాజమాన్య హక్కు పోదని ఊళ్లో పెద్దవాళ్లు కూర్చోబెట్టి చెప్పాలి. 2013 భూసేకరణ చట్టం 11వ సెక్షన్ ప్రాథమిక నోటిఫికేషన్‌ను గెజిట్‌లో, రెండు పత్రికల్లో, పంచాయతీ, తహసీల్దారు కార్యాలయాల్లో ప్రకటిస్తారు. ఆ ప్రకటన తేదీ నుంచి 60 రోజుల్లో 15వ సెక్షన్ కింద అభ్యంతరాలు రాతపూర్వకంగా కలెక్టరుకు ఇవ్వాలి. అందరూ కలిసి ఒకే కాగితం మీద సంతకాలు చేసి ఇస్తే సరిపోదు. ప్రతి సర్వే నంబరుకూ విడిగా, అక్కడ బోరు ఉందా, తోట వయసు ఎంత, ఎవరు సాగు చేస్తున్నారు అన్న వివరాలతో ఇచ్చి, రసీదు తీసుకోండి. స్వయంగా గానీ న్యాయవాది ద్వారా గానీ వినిపించుకునే హక్కు అదే సెక్షన్ ఇస్తుంది. అభ్యంతరాల మీద నివేదిక రాసే అధికారికి కాగితం మీద లేనిదాన్ని రాసే వీలు ఉండదు, ఆ కుర్చీలో కూర్చున్నవాడిగా చెబుతున్నాను.

పర్యావరణ ప్రజాభిప్రాయ సేకరణ అయితే 30 రోజుల ముందు నోటీసు రావాలి, తెలుగులో సారాంశం ఇవ్వాలి, కలెక్టరు గానీ అదనపు జిల్లా మేజిస్ట్రేటు స్థాయికి తగ్గని అధికారి గానీ అధ్యక్షత వహించాలి, అంతా వీడియో తీయాలి. కోరం అన్నది లేదు. అంటే మీరు బహిష్కరించినా సభ చెల్లుతుంది, కాబట్టి బహిష్కరించకండి, వెళ్లి మాట్లాడండి. సభ ముగిసేలోపు మినిట్స్‌ను తెలుగులో చదివి వినిపించాలన్న నిబంధన ఉంది. సాయంత్రం అయిందని జనం లేచిపోతారు, అది చదివేసరికి కుర్చీలు ఖాళీగా ఉంటాయి. అయిదారుగురు అయినా చివరిదాకా ఉండి, తాము చెప్పినది అందులో లేకపోతే అక్కడే చెప్పి రాయించాలి. అనుమతి ఇచ్చిన తర్వాత జాతీయ హరిత ట్రిబ్యునల్‌కు 30 రోజుల్లో అప్పీలు చేసుకోవచ్చు, తగిన కారణం చూపితే మరో 60 రోజులు గడువు పొడిగిస్తారు. ఆ మినిట్స్ అప్పుడు మీకు సాక్ష్యం.

చివరగా పరిహారం దగ్గర చాలామంది నష్టపోయే చోటు ఒకటుంది. సంప్రదింపుల కమిటీ ముందు ఒప్పంద పత్రం మీద సంతకం చేస్తే ఆ ధరే ఖాయం, ఆ తర్వాత కోర్టుకు పోయే దారి మూసుకుపోతుంది. కాబట్టి చదవకుండా, చదివించుకోకుండా సంతకం పెట్టవద్దు. కలెక్టరు పరిహారం ఖరారు చేసే ఉత్తర్వు (అవార్డు) ద్వారా వచ్చే సొమ్ము తీసుకుంటున్నా సరే, అభ్యంతరంతో తీసుకుంటున్నానని రాసి మరీ తీసుకోండి. అలా రాయనివాళ్లకు పరిహారం పెంచమని 64వ సెక్షన్ కింద అడిగే హక్కు ఉండదని 77వ సెక్షన్ స్పష్టంగా చెబుతోంది. అవార్డు రోజున మీరు హాజరై ఉంటే ఆ దరఖాస్తుకు గడువు ఆరు వారాలే.